ఎనిమిది గంటల మాత్ర

"నీ గుండె మాత్ర ఒకటి ఇటివ్వు" అన్నాడు మా ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ, ఉప్పు డబ్బా అందుకోమన్నంత తేలిగ్గా. పదింటికి పై ఆఫీసర్ల ముందు మాట్లాడాలట. చేతులు వణుకుతున్నాయట, అది వేసుకుంటే తగ్గుతుందట.

నేను పొయ్యి దగ్గరున్నాను. ఎనిమిదికి ఇంకా ఐదు నిమిషాలుంది.

మూడేళ్ళ క్రితం నా గుండె ఉన్నట్టుండి పరుగు లంకించుకున్నప్పుడు, ఆడవాళ్ళకి అన్నిటికీ కంగారేనని నవ్విన మనిషి ఈయనే. డాక్టరమ్మ నవ్వలేదు. రోజూ ఒకే టైముకి, పొద్దున్న ఎనిమిదింటికి, ఏదైనా తిని వేసుకోమంది. ముందు నాడి చూసుకుని, యాభై కన్నా తక్కువుంటే వేసుకోకుండా తనకి ఫోను చెయ్యమంది. ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెండూ కలిపి మింగొద్దంది. ఉన్నట్టుండి మానేస్తే ప్రమాదమని మాత్రం రెండుసార్లు చెప్పింది. ఒకే టైముకి, తిని! ఎంత సులువో వినడానికి. బస్ స్టేషన్లో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎన్నింటికో ఊరందరికీ చెప్పేదాన్ని, నా మాత్ర టైము మాత్రం నా చేతిలో ఉండేది కాదు. అందరూ తిన్నాక, సింకు పక్కన నిలబడి నాలుగు ముద్దలు మింగేసరికి తొమ్మిదిన్నర. ఒక్కోరోజు అదీ లేక మధ్యాహ్నం.

దానికి తోడు పంపకాలు. అత్త సొమ్ము అల్లుడి దానం అంటారు. మా ఇంట్లో కోడలి సొమ్ము అత్త దానం. ఆడపడుచు డ్రైవింగు పరీక్షకి ఒకటి, పక్కింటి పిల్ల ఇంటర్వ్యూకి ఒకటి. ఒక్కటిస్తే అరిగిపోతావా అనేవారు. పోయిన వారం అలాగే రెండ్రోజులు నాకు లేకుండా పోయాయి. మూడోరోజు మైకులో బస్సు నంబరు సగంలో ఉండగా గుండె గొంతులోకొచ్చి కొట్టుకుంది, కళ్ళు చీకట్లు కమ్మాయి. నన్ను బల్ల మీద పడుకోబెట్టింది పక్క సీటావిడ. నాకు చచ్చేంత భయమేసింది. "ఇది ఎవరి గుండెకి రాశానమ్మా?" అని డాక్టరమ్మ అడిగితే తలెత్తలేకపోయాను.

"ఒక్కటే ఉంది" అన్నాను ఆయనతో.

సాయంత్రం తెచ్చుకోవచ్చుగా, ఓ పూట ఆలస్యమైతే కొంపలేం మునిగిపోవు అన్నాడు. ప్రమోషను సంగతమ్మా, ఇచ్చెయ్యి అన్నారు అత్తగారు హాల్లోంచి.

"ఆయనకి ఉబ్బసం ఉంది, అత్తయ్యా. పీల్చే మందు రోజూ సంచిలో పెట్టేది మీరే. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఇది వేసుకుంటే ఊపిరాడదు."

"నువ్వెప్పుడు డాక్టరువయ్యావ్?" అంటూ ఆయన మాత్రల డబ్బా మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి కింద నుంచే డబ్బా లాక్కున్నాను.

పొయ్యి కట్టేశాను. ఆయనకి వడ్డించిన పళ్ళెం ముందు, ఆయన కుర్చీలోనే కూర్చుని తిన్నాను. మణికట్టు మీద వేళ్ళు పెట్టి గడియారం చూస్తూ లెక్కపెట్టాను. నిమిషం సేపు ఆ ఇంట్లో నన్నెవరూ పిలవలేదు. డెబ్భై ఆరు. మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగాను. ఖాళీ డబ్బా నా హ్యాండ్‌బ్యాగులో పడేసి జిప్పు లాగాను.

"నా చేతులు చూడు, ఎలా వణుకుతున్నాయో" అన్నాడు.

"వణకనివ్వండి" అన్నాను. "నావి వణికిన రోజు కూడా మీ టిఫిను ఎనిమిదింటికే వచ్చింది."