ముప్పై సెకన్ల తోడి

నేను ఒక సన్నాయిని. మామూలు సన్నాయిని అనుకునేరు! ఎప్పుడో కూల్చిన మేడ దూలంలోంచి నన్ను తొలిచారు. సత్తెనపల్లి బాజీ సాహెబ్ వాళ్ల తాత నన్ను ఊదాడు, తండ్రి ఊదాడు, నలభై ఏళ్లుగా సాహెబ్ ఊదుతున్నాడు. మూడు తరాల ఉమ్ము మింగి బతికినదాన్ని. నోరు కాస్త దురుసు, సర్దుకోండి.

మా పని పెళ్లిళ్లు. పంతులుగారు వేలెత్తి "గట్టిమేళం!" అనగానే సాహెబ్ నన్ను ఊదాలి, పోలయ్య డోలు బాదాలి. ఎందుకో తెలుసా? తాళి కట్టే వేళ ఎవరైనా తుమ్మితే వినపడకూడదని! తోడి రాగం మీద ప్రాణం పెట్టుకున్న మనిషికి బతుకంతా జనాల తుమ్ములు కప్పెట్టడానికే సరిపోయింది. భోజనాల దగ్గరైనా నాలుగు స్వరాలు వాయిద్దామంటే డీజే వాళ్లొచ్చి "తాతా, ఇక ఆపు" అంటారు. "ఒక్క మనిషి, ఒక్కసారి నా తోడిని మొదటి నుంచి చివరిదాకా వింటే చాలురా పోలయ్యా," అనేవాడు సాహెబ్.

"ఇన్‌స్టాలో పెడదాం సాయిబూ," అన్నాడు పోలయ్య ఒకరోజు.

"ఛీ! కోడిగుడ్డట్టుకీ కుక్కపిల్ల స్నానానికీ మధ్యన నా తోడా? మా ఉస్తాదు గోరీలోంచి లేచొచ్చి తంతాడు!"

నేనూ అదే మాట అనుకున్నాను. పోలయ్య వింటేగా! సాధన చేస్తుండగా చాటుగా ముప్పై సెకన్లు తీసి పెట్టేశాడు. మర్నాటికి పన్నెండొందల గుండె బొమ్మలు. సాహెబ్ వాణ్ని నానా తిట్లూ తిట్టి, ఆయాసం తీర్చుకుని, "ఎంతమందన్నావూ?" అని మెల్లగా అడిగాడు. కింద ఎవరో పుణ్యాత్ముడు 'అప్పుడే ఆపేశారేం సాహెబ్ గారూ?' అని రాశాడు. దాన్ని నాలుగుసార్లు చదివించుకున్నాడు. ఎప్పుడు ఆపుతావని అడిగినవాళ్లే గాని, ఎందుకు ఆపావని అడిగినవాళ్లు ఆయనకు అంతవరకూ తగల్లేదు.

అంతే, వారం తిరక్కుండా ఇంటికి రెండు కొత్త ఫోన్లొచ్చాయి. తనకొకటి, వంటల వీడియోలు చూసుకుంటుందిలే అని భార్య కరీమున్‌కొకటి. మీసానికి రంగొచ్చింది. నాకు ముఖమల్ సంచీ వచ్చింది, ఇక నేను మాత్రం ఎందుకు వద్దంటాను! అరగంట బతిమాలితే గాని పలకని తోడి, ముప్పై సెకన్లలో వచ్చి దండం పెట్టి పోయేది. చివరికి ఒక పెళ్లిలో సాహెబ్ ఫోను నిలబెట్టుకుంటూ పంతులుగారి వేలు చూడనేలేదు. పెళ్లికొడుకు మేనమామ తీరిగ్గా రెండుసార్లు తుమ్మాడు.

తిన్న చీవాట్లకు సాహెబ్‌కి సిగ్గేసింది. "ముక్కలకే మురిసిపోతన్నా పోలయ్యా. మొత్తం వాయిస్తా, ఎవరు ఆగుతారో చూద్దాం," అన్నాడు.

ఆదివారం పొద్దున వసారాలో ఫోను పెట్టి లైవులో కూర్చున్నాడు. మొదట మూడొందల మంది. పది నిమిషాలకు అరవై. ఒకడు 'తాతా, సినిమా పాట కొట్టు' అని రాసి పోయాడు. అరగంటకు ముగ్గురు. తర్వాత ఒక్కరు. ఆ ఒక్కరు మాత్రం కదల్లేదు. సాహెబ్ కళ్లు చెమర్చాయి. అబ్బ, ఆ పూట నేను పలికినట్టు నా జన్మలో పలకలేదండీ! నలభై ఐదు నిమిషాలకు ముగించి నన్ను ఒళ్లో పెట్టుకున్నాడు.

నేను ఆగిపోయాను. కానీ వంటింట్లోంచి నా గొంతు ఇంకా వినిపిస్తోంది! ఫోనులో కాస్త ఆలస్యంగా వస్తుందట. ఆ చివరి స్వరాలు అయ్యాక కరీమున్ ఫోను పట్టుకుని బయటికొచ్చింది.

"ఏమయ్యో, చివర్న తొందరపడ్డావే?"

సాహెబ్ ఆమె చేతిలోని ఫోను వంక చూశాడు. "నువ్వా? ఎప్పటి నుంచి వింటన్నావే?"

"పెళ్లైన కాడి నుంచి. మధ్యన గోడ ఉండె, సరిగ్గా ఇనపడేది కాదు. ఇప్పుడు బాగుంది."

"అయితే రా, ఇట్టా కూర్చో. చివరిది మళ్లీ వాయిస్తా."

"అమ్మో, ఆ రంగు మీసం ఎదురుగ్గా చూస్తా ఇనలేను, నవ్వొస్తది. నువ్వు బొత్తాం నొక్కు," అని లోపలికి పోయింది.

సాహెబ్ నొక్కాడు. చూసేవారు ఒకరు. నన్ను పెదవులకు ఆనించుకున్నాడు, ఈసారి తొందరపడలేదు.