వినే బిడ్డ ఎవరి బిడ్డ?

హలో... అందరూ లైన్లోకి వచ్చినట్టేనా? అన్నయ్యలూ, అక్కలూ, చెల్లెళ్ళూ, పొయ్యి మీద ఏమైనా ఉంటే మంట తగ్గించి వచ్చి కూర్చోండి. ఇవాళ చెప్పేది నవ్వించే కథ కాదు. చెబుతుంటేనే నాకు ఒళ్ళు మండుతోంది. మీకూ మండాలనే చెబుతున్నాను.

ఒక బైండింగ్ షాపు. అందులో పనిచేసే భార్యాభర్తలిద్దరూ పుట్టుకతో చెవిటివాళ్ళు. అతను కుట్టు మిషన్ దగ్గర, ఆమె అచ్చు కాగితాలని ఫారాలుగా మడతపెట్టే బల్ల దగ్గర. కటింగ్ మిషన్ మోతలో మిగతావాళ్ళు గొంతు చించుకుంటుంటే, వీళ్ళు మాత్రం హాలు ఈ కొస నుంచి ఆ కొసకి చేతులతో కాపురం ముచ్చట్లన్నీ చెప్పేసుకునేవారు.

ఇంట్లో అత్త ఉంది, పెళ్ళి చేసుకోకుండా ఉండిపోయిన ఆడపడుచు ఉంది. తమ్ముడికి చిన్నప్పటి నుంచీ చెవులూ నోరూ ఆవిడే. కొట్టుకెళ్ళినా ఆస్పత్రికెళ్ళినా అక్కడివాళ్ళ మాట అతనికి సైగల్లో చెప్పేదీ, అతని సైగ వాళ్ళకి మాటల్లో చెప్పేదీ ఆవిడే. "మా అక్క వాగుడు వినబడకపోవడం నా అదృష్టం" అని అతను సైగ చేస్తే, ఆవిడ వాడి నెత్తిన ఒక్కటిచ్చేది. అంత ప్రేమ. షాపుకి మధ్యాహ్నం కేరేజీ కూడా ఆవిడే తెచ్చేది.

వాళ్ళకో పాప పుట్టింది. చెవిటివాళ్ళ పిల్ల చెవిటిదే అయి తీరుతుందని ఇంట్లో అందరూ ఎవరికివారే తీర్మానించుకున్నారు. వినికిడి పరీక్ష చేయిద్దామని కోడలు అడిగితే, "తెలిసినదానికి పరీక్షెందుకే?" అని అత్త చెయ్యి ఊపేసింది. ఆ పసిదాన్ని ఒక్కరు, ఒక్కసారి, గొంతెత్తి పిలిచి చూసిన పాపాన పోలేదు.

పాపకి మెడ నిలిచిన రోజుల్లో, ఒక పొద్దున వంటింట్లో ఆడపడుచు చేతిలోంచి మూత జారి గచ్చు మీద పడింది. కోడలికి అది వినబడలేదు. కానీ ఒళ్ళో పాప ఉలిక్కిపడటం తెలిసింది. పాప తల వంటింటి వైపు తిరిగింది. కోడలు పాపని ఎత్తుకుని లేచింది. ఆడపడుచుని చెయ్యి పట్టి లాక్కొచ్చి, "వెనకనుంచి చప్పట్లు కొట్టు" అని సైగ చేసింది. కొట్టింది. పాప మళ్ళీ తిరిగింది.

కోడలు నవ్వుతూ ఏడుస్తూ తలెత్తింది. ఎదురుగా ఆడపడుచు మొహంలో నవ్వు లేదు.

ఆ సాయంత్రం ఆడపడుచు కోడలికి వీపు పెట్టి, తల్లితో మాట్లాడుతోంది. చెవిటివాళ్ళ ముందు మొహం తిప్పుకుంటే చాలు, గోడ కట్టేసినట్టే అనుకుంటారు. కానీ ఎదురుగా బీరువాకి అద్దం ఉంది. పెదాల కదలిక పట్టుకోవడం కోడలికి బాగా వచ్చు.

"వాడికీ చెవుడే, దీనికీ చెవుడే. మరి పిల్లకి ఈ చెవులు ఎక్కణ్ణించొచ్చాయే అమ్మా?"

"ఛ, ఊరుకో. ఎవరైనా వింటారు" అంది అత్త. తప్పు అనలేదు చూడండి, ఎవరైనా వింటారు అంది!

మర్నాటికి కేరేజీతో పాటు ఆ మాట షాపుకి కూడా చేరింది. బంక రాసే ఆడవాళ్ళు కోడల్ని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కటింగ్ మిషన్ అతను మాత్రం ఏమీ అడ్డం పెట్టుకోలేదు. "పాపది సూపర్‌వైజర్ గారి పోలికేమో, ఆయనకి చీమ నడిచినా వినబడుతుంది!" అని పళ్ళికిలించాడు. ప్రతి అక్షరం ఆమె కళ్ళకి వినబడింది.

ఆమె పరుగున మొగుడి దగ్గరికెళ్ళింది. "నీ అక్క ఏమందో తెలుసా? నువ్వూ నమ్ముతున్నావా?" అని చేతులు ఆడిస్తుంటే, అతను కళ్ళు మూసుకున్నాడు.

అయ్యా, మన ఇళ్ళల్లో మొగుడు అలిగితే మాట్లాడడు. మాట్లాడకపోయినా మన మాట వాడి చెవిన పడుతుంది. చెవిటి భార్య ముందు మొగుడు కళ్ళు మూసుకుంటే ఆమె గొంతు పిసికేసినట్టే. పైగా ఇంట్లో తీర్పు కూడా అయిపోయింది. పిల్లకి తండ్రెవరో రక్తపరీక్షలో తేలాలి, లేదంటే తల్లీపిల్లా పుట్టింటికి పోవాలి.

అత్తతో సహా అందరూ పాపని ఎత్తుకుని ఆస్పత్రికి బయల్దేరారు. కోడలు కడుపుతో ఉన్నప్పుడే చెవుల డాక్టరమ్మ, మీ చెవుడికి కారణమేంటో చూద్దామని భార్యాభర్తలిద్దరి రక్తం పరీక్షకి పంపింది. ఫలితం వచ్చిందని కబురు చేసినా ఇన్నాళ్ళూ ఎవరూ వెళ్ళలేదు.

డాక్టరమ్మ మాట్లాడుతుంటే సైగల్లోకి మార్చేది ఎవరనుకున్నారు? ఇంకెవరు, ఆడపడుచే!

"చూడండమ్మా, చెవి పనిచెయ్యాలంటే ఒక్క జన్యువు చాలదు, చాలా జన్యువులు సరిగ్గా ఉండాలి. ప్రతి జన్యువూ మనలో రెండేసి ఉంటుంది, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. వీళ్ళకి వచ్చిన రకం చెవుడులో ఒకటి పాడైనా రెండోది పని నడిపిస్తుంది. రెండూ పాడైతేనే చెవుడు. మీ తమ్ముడికి ఒక జన్యువు రెండు వైపులా పాడైంది. మీ మరదలికి పాడైంది అది కాదు, వేరేది. అతనికి పాడైనది ఆమెలో బాగుంది, ఆమెకి పాడైనది అతనిలో బాగుంది. పాపకి రెండింట్లోనూ ఒక్కో మంచిది వచ్చింది. అందుకే వింటోంది. అసలు వినకపోతేనే నేను ఆశ్చర్యపోయేదాన్ని. పాప వింటోందని తండ్రెవరని అనుమానించక్కర్లేదు, దానికి వేరే రక్తపరీక్షా అక్కర్లేదు."

ఆడపడుచు చేతులు కొంచెం కదిలి ఆగిపోయాయి.

"నేను ఇంత చెప్పాను, మీరు అంతేనా చెప్పారు?" అంది డాక్టరమ్మ.

"అదే మేడమ్... పాపకి బాగుందని చెప్పాను."

కోడలు బల్ల మీద అరచేత్తో కొట్టింది. మందుల డబ్బాలు ఎగిరిపడ్డాయి. డాక్టరమ్మ పెదాల మీద ఆమె సగం పట్టుకుంది, మిగతా సగం ఆడపడుచు పాలిపోయిన మొహంలో చదివింది.

"పూర్తిగా చెప్పు, వదినా. నీ తమ్ముడు చూస్తున్నాడు. నీ చేతులతోనే చెప్పు."

మొదటి నుంచీ మొత్తం చేతులతో చెప్పింది ఆవిడ. చివర్లో వేలు తమ్ముడి వైపు చూపించి, తర్వాత పాప వైపు చూపించింది. నీ బిడ్డే.

అతనికి పని అలవాటు కదా, వెంటనే సైగల్లో పుస్తకం పట్టుకున్నాడు. "ఒక పుస్తకంలో మూడో ఫారం చిరిగింది, ఇంకోదాంట్లో ఏడో ఫారం. రెండూ విప్పి, మంచివి తీసి కుడితే చక్కగా చదువుకునే పుస్తకం వస్తుంది. అంతేనా?" అని భార్య వైపు ఆశగా చూశాడు.

"నీకిప్పుడు తెలిసిందా? నేను చెబుతుంటే కళ్ళెందుకు మూసుకున్నావ్?" అంది ఆమె. తర్వాత అత్త వైపు తిరిగింది. "వినే మీకు చెవిటి కొడుకు పుడితే, వాడికి చెవుడెవరిచ్చారని మిమ్మల్ని ఎవరైనా అడిగారా అత్తయ్యా?"

ఆ సైగ అత్తకి అర్థమైంది. తల దించుకుంది.

"ఆవిడకి పాడైన జన్యువు ఒక్కటే ఉంది, వాళ్ళాయనకీ అంతే, అందుకే వాళ్ళకి వినబడింది. ఆ పాడైనవి రెండూ కొడుక్కి వచ్చాయి" అంది, ఆడపడుచు నోట ఆ ప్రశ్న విన్న డాక్టరమ్మ. "పుట్టుక గురించి తెలియకపోతే వచ్చి అడగండి. మీకు తెలియకపోవడానికి ఈ అమ్మాయిని దోషిని చేస్తారా?"

అతను భార్య కాళ్ళు పట్టుకోబోయాడు. ఆమె పట్టుకోనివ్వలేదు. ఆడపడుచు చెయ్యి మాత్రం పట్టుకుంది. "షాపులో వాళ్ళకి నా చేతులు అర్థం కావు. నీ నోటితో అన్నావు, నీ నోటితోనే చెప్పాలి."

మధ్యాహ్నం షాపులో మిషన్లు ఆపించారు. ఆడపడుచు అందరి మధ్యా నిలబడి నేల చూస్తూ మొదలుపెట్టింది. కోడలు ఆవిడ గడ్డం పట్టుకుని పైకెత్తింది. మాట మాటా తను చూడాలి, ఒక్కటి మింగినా ఊరుకోదు.

"పాప మా తమ్ముడి బిడ్డే. నేను తప్పుగా అన్నాను. మా మరదలు ఏ తప్పూ చెయ్యలేదు."

కటింగ్ మిషన్ అతను గుడ్డ తీసి, శుభ్రంగానే ఉన్న కత్తిని తుడవసాగాడు. కోడలు అతని దగ్గరికెళ్ళి, మొహంలో మొహం పెట్టి నిలబడింది, అతను తలెత్తి "తప్పయిందమ్మా" అనేదాకా.

బాబూ, తల్లీ, పిల్ల నల్లగా పుట్టినా, తెల్లగా పుట్టినా, విన్నా వినకపోయినా నింద వెయ్యడానికి మనకి మొదట దొరికేది తల్లే. బిడ్డలో ప్రతిదీ ఇద్దరి నుంచీ వస్తుంది, పైకి కనబడనిది కూడా లోపల దాగి వస్తుంది. ఈ చిన్న సంగతి తెలియక ఎన్ని కాపురాలు కూలుతున్నాయో! మీ ఇంటి గ్రూపుల్లో, మీ పనిచోట, ముఖ్యంగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గుసగుసలాడే వాళ్ళకి ఈ కథ పంపండి. బిడ్డని చూసి తల్లిని అనుమానించే ముందు, మనకేం తెలుసని మనల్ని మనం అడగాలి.