గొంతు తడుపుకోని మనిషి

చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తుంటే వెనకనుంచి మొగుడి గొంతు వినిపించింది. "అమ్మ సంస్మరణ సభకి నాలుగు ముక్కలు రాసిపెట్టు. ఇంటినీ, చట్టసభనీ రెండు కళ్ళలా చూసుకుందని రాయి. జనం కళ్ళొత్తుకోవాలి."

ఆమెకు ఒళ్ళు మండింది. అత్తయ్య ఇల్లు చూసుకుందా? ఆ చట్టసభకు గెలిచిన మొట్టమొదటి ఆడమనిషి అత్తయ్య. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలోనే తేల్చి చెప్పేసింది, "అమ్మాయ్, నేను వంటింట్లోకి రాను. నువ్వూ ఒక్కదానివే చావకు. ఇంట్లో మగాళ్ళకీ చేతులున్నాయి." చేతులున్నవాళ్ళు మాత్రం పేపరు మడత విప్పి కూర్చున్నారు. "మా అమ్మ ఎలాగూ ఊరిమీద పడింది, నువ్వైనా ఇంటిపట్టున ఉండు" అని మొగుడు ఆమె ఉద్యోగం మాన్పించాడు. ఆ కోపంతో అత్తయ్య కొడుకుతో మాటలు మానేసింది. చివరికి మంచాన పడ్డ అత్తయ్యకు ఒళ్ళు తుడిచింది కోడలే, కొడుకు కాదు.

అలా తుడిపించుకుంటూనే ఒకరోజు చెప్పింది. "ఆ భవనంలో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదమ్మాయ్. పొద్దున వెళితే సాయంత్రం దాకా చుక్క నీళ్ళు ముట్టేదాన్ని కాదు. కట్టించమని లేచి అడిగితే బల్లలు చరిచి మరీ నవ్వారు." నవ్వినవాళ్ళ పేర్లు కూడా చెప్పింది. ఏళ్ళ తరబడి అడిగి అడిగి కట్టించింది. అప్పటికే మూత్రపిండాలు పాడైపోయాయి.

ఆమె అదే రాసిచ్చింది. మొగుడు చదివి, కాగితం పరపరా చింపేశాడు. "ఛీ, నలుగురిలో దొడ్డి గొడవేంటి? చచ్చిపోయిన మనిషి పరువు తీస్తావా?"

సభలో వేదిక మీద అందరూ మగవాళ్ళే. ఆమె పూలదండల పళ్ళెంతో మెట్ల పక్కన నిలబడింది. "ఎంత పెద్ద పదవిలో ఉన్నా, మా అమ్మ చివరిదాకా తన చేత్తోనే వండి పెట్టింది" అన్నాడు మొగుడు. చప్పట్లు మోగాయి. "ఆడదంటే అలా ఉండాలి!" అన్నాడు ముందు వరుసలోని పెద్దాయన, కళ్ళు తుడుచుకుంటూ.

ఆమె పళ్ళెం మెట్టు మీద పెట్టేసి పైకెక్కింది. దండ వేయడానికే అనుకుని మొగుడు పక్కకు జరిగాడు.

"మా అత్తయ్య వంట చేయలేదు" అంది మైకులో. మరుగుదొడ్డి సంగతీ, మంచినీళ్ళ సంగతీ, జబ్బు సంగతీ వరసగా చెప్పుకుపోయింది. "ఆవిడ అడిగిన రోజు నవ్వినవాళ్ళలో ఇద్దరు ఇప్పుడు ఈ వేదిక మీదే కూర్చుని ఉన్నారు."

"దిగు" అన్నాడు మొగుడు పళ్ళు కొరుకుతూ, మోచెయ్యి పట్టుకుని.

ఆమె చెయ్యి విదిలించుకుంది.

"పేర్లు కూడా చెబుతాను."