టెర్లిన్ చొక్కాలో హైపోథర్మియా

బోధన్ తాలూకాలో హైపోథర్మియా వచ్చి బతికిన మొదటి మనిషిని నేనే. ఆ మాటను కాలేజీ పుస్తకంలో చదివి, మా చెరుకుకు కాలువ నీళ్ల వంతు వచ్చిన పొద్దునే ఆ రోగం తెప్పించుకున్నాను. వంతు తప్పితే లేత చెరుకు ఎండుతుంది. నీళ్లు కట్టడానికి నేను పోతే నిజామాబాద్‌లో నా సినిమా పోతుంది.

"ఒంట్ల వేడి తొంభై అయిదు డిగ్రీల కిందికి దిగుతది బాపూ. నీళ్లల్ల కాలు వెడితే గుండె ఆగుతది," అని పళ్లు టకటకలాడించాను.

బాపు దేవన్న బెదిరిపోయాడు. "జరం ఎక్కుడు ఎరుకే గని, గీ దిగుడేందిరా లింబాద్రీ?"

"ఏదైతేంది, సలే గద," అంది అక్క రుక్మాబాయి. నాకు గొంగడి చుట్టి, పొలంలో బెల్లం వండే పొయ్యి పక్కన కూర్చోబెట్టి, సొంటి కషాయం తాగించింది. కాసేపటికి నా చెమటతోనే రెండెకరాలు పారేవి.

ఇంతలో రోడ్డు మీద నిజామాబాద్ బస్సు హారన్ మోగింది. చావబోతున్నవాణ్ని ఎగిరి నిలబడ్డాను. గొంగడి జారింది.

"సలికి సచ్చేటోడు ఇస్త్రీ టెర్లిన్ అంగీ తొడుగుతడా?" అని అక్క నడుం మీద చేతులు పెట్టుకుంది.

బాపు నవ్వుతూ నా నోట్లో వేడి బెల్లం ముద్ద, చేతిలో పార పెట్టాడు.

"రోగం నిజమే అక్కా," అన్నాను బెల్లం చప్పరిస్తూ. "నాకే రాలే. నాకొచ్చింది సినిమా జరం."