ఇంట్లో ఎవరూ లేరు

ఎదురుగా నిలబడ్డ ఆడమనిషి మొహం మీదే "ఈ ఇంట్లో ఎవరూ లేరు" అని చదవగలిగినవాణ్ణి ఏమనాలి? బ్యాంకు మేనేజరు అనాలి.

చదివాడు. ఉదయం పదింటికి, వీధి వీధంతా చూస్తుండగా, గొంతు సవరించుకుని మరీ చదివాడు. "అప్పు తీసుకున్న కుటుంబం ఇల్లు విడిచి వెళ్ళిపోయింది. ప్రస్తుతం అందులో ఎవరూ నివసించడం లేదు. కాబట్టి బ్యాంకు ఈ ఇంటిని స్వాధీనం చేసుకుంటోంది." ఆయనకి రెండడుగుల దూరంలో ఆ ఇంట్లో ఉండే బస్సు డ్రైవరు భార్య నిలబడి ఉంది. గిన్నెలు తోముతూ లేచొచ్చిందేమో, మోచేతుల దాకా సబ్బు నురగ. ఆమె వెనక రోడ్డు మీద పొయ్యి, పరుపులు, బట్టల మూట, చక్రాల కుర్చీ, ఆ కుర్చీలో ఆమె అత్తగారు. లోపల ఎవడో తలుపుకి కొత్త తాళం బిగిస్తున్నాడు.

"మరి నేనెవర్నయ్యా?" అంది డ్రైవరు భార్య.

మేనేజరు ఫైలు తిరగేశాడు. నిజంగానే తిరగేశాడు, ఆవిడెవరో అందులో రాసుంటుందేమోనని!

"మీ సంగతి ఇందులో లేదమ్మా," అన్నాడు.

ఆస్పత్రి లాండ్రీలో షిఫ్టు దిగి అప్పుడే వీధిలోకొచ్చింది వదిన. కాలనీలో చిన్నా పెద్దా అందరికీ ఆమె వదినే. పదహారేళ్ళుగా రోగుల దుప్పట్లు ఉడకబెట్టి, పిండి, ఇస్త్రీ చేసి చేతులు కాయలు కాసిన మనిషి. జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

"వెళ్ళిపోయారని మీకెవడు చెప్పాడయ్యా?"

ఈసారి ఫైల్లో జవాబు దొరికింది. "కుడి పక్కింటావిడ. 'సామాను సర్దుకుని పోయారు, ఇక రారు' అని వాంగ్మూలం. ఇదిగో తేదీ."

కుడి పక్క ఇల్లు వదినదే. డ్రైవరు భార్య తల తిప్పి ఆమె వైపు చూసింది.

ఆ కాలనీలో ఒక మర్యాద ఉంది. బ్యాంకు వసూలు మనిషి ఏ గడప తొక్కినా, పక్కింటివాళ్ళు బయటికొచ్చి "వాళ్ళు లేరండీ" అనాలి. అలా అనకపోతే ఇరుగుపొరుగు మొహం చూడరు. ఫ్యాక్టరీలో షిఫ్టులు తగ్గించి, బస్సు రూట్లు ఎత్తేసిన దగ్గర్నించీ ప్రతి ఇల్లూ ఇంకో ఇంటి కోసం ఈ మాట అంటూనే ఉంది. అంతకుముందు నెల మెడలో కెమెరా వేసుకుని ఒక కొత్తవాడొచ్చాడు. ఫోటోబాబు అని పేరు పెట్టారు వాడికి. డ్రైవరు భార్య లోపల గడియ పెట్టుకుని, వంటింటి కిటికీలోంచి వదినకి సైగ చేసింది. వదిన "లేరు" అని ఊరుకున్నా సరిపోయేది. వాడు మళ్ళీ రాకుండా ఉండాలని ఇంకో ముక్క తగిలించింది. సామాను సర్దుకుని పోయారు, ఇక రారు. వాడు ఆ మాట రాసుకుని, మూసిన తలుపుకో ఫోటో తీసుకుని, ఆమెకి దణ్ణం పెట్టి మరీ వెళ్ళాడు. "భలే తోలేశావు వదినా!" అని ఆ సాయంత్రం ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు.

ఆదివారం మధ్యాహ్నం బస్సు డిపో యూనియన్ గదిలో కాలనీ అంతా కూర్చుంది. బెంచీలు చాలక సగం మంది గోడలకి ఆనుకున్నారు. బ్యాంకులో టైపిస్టుగా పనిచేసే అమ్మాయి కూడా ఆ కాలనీ మనిషే. పైటచెంగు మాటున తెచ్చిన కాగితాల కట్ట బయటికి తీసింది.

"ఇల్లు కొన్నప్పుడు మన చేత గృహరుణ బీమా కట్టించారు గుర్తుందా? సర్కారు పూచీతో నడిచే బీమా?"

"ఎందుకు గుర్తులేదూ! మనకేమైనా అయితే ఇల్లు నిలబడుతుందన్నారు," అన్నాడు వడ్రంగి బాబాయ్.

"మనకేమైనా అయితే బ్యాంకు నిలబడుతుంది బాబాయ్. మనం వాయిదాలు కట్టలేకపోతే, ఆ బాకీ సర్కారు తీరుస్తుంది. బ్యాంకుకి. మనకి కాదు."



"అంటే మన డబ్బుతో వాడికి గొడుగు కొనిచ్చి, మనం వానలో నిలబడ్డామా?" అన్నాడు బాబాయ్.

"ఇన్నాళ్ళూ ఒక అడ్డు ఉండేది," అంది టైపిస్టు. " ఇల్లు లాక్కునే ముందు బ్యాంకు మనిషి వచ్చి ఇంటివాళ్ళతో ఎదురుగా కూర్చుని మాట్లాడాలి, వాయిదా తగ్గించే దారి చూడాలి. అప్పుడే సర్కారు డబ్బిచ్చేది. ఈ మధ్య బ్యాంకుల కోసం నిబంధనలు సవరించారు. ఖాళీ ఇల్లయితే మాట్లాడక్కర్లేదట. ఖాళీ అనడానికి మూసిన తలుపు ఫోటో ఒకటి, పక్కింటివాళ్ళ మాట ఒకటి ఉంటే చాలట."

ఏ మహానుభావుడు రాశాడో గానీ, వాడి కాళ్ళు కడగాలి. పట్టపగలు తలుపేసుకుని పనికి పోయినవాళ్ళంతా వాడి లెక్కలో ఇల్లొదిలి పారిపోయినవాళ్ళే. మిట్టమధ్యాహ్నం తలుపులు బార్లా తెరుచుకుని ఇంట్లో కూర్చునే రాత వాడికి ఉంది కాబట్టి అందరికీ ఉంటుందనుకున్నాడు. కాదు, అనుకోలేదు. తెలిసే రాశాడు.

టైపిస్టు తల వంచుకుంది. "ఈ కాగితాలు మా బ్రాంచిలో నేనే టైపు చేశాను. మూడు నెలలైంది. ఉద్యోగం పోతుందని ఎవరికీ చెప్పలేదు."

ఎవరో పచ్చిబూతులు తిట్టారు. వదిన లేచి నిలబడింది.

"ఆ పిల్లని తిట్టేముందు నన్ను తిట్టండి. అది నోరు మూసుకుంది. నేను తెరిచి కొంప ముంచాను."

"చెప్పమన్నది నేనే," అంది డ్రైవరు భార్య మూల నుంచి. "నిన్ను అనేదేం లేదు వదినా. కానీ నీ మొహం చూస్తే మాత్రం కడుపు రగిలిపోతోంది. అబద్ధమెందుకు చెప్పాలి?"

వదిన ఆ మాటని తలొంచి తీసుకుంది. పక్కనే ఉన్న డ్రైవరు తన భార్య చెయ్యి పట్టుకోబోయి ఆగిపోయాడు.

కాలనీ ప్రెసిడెంటు కండువా సర్దుకున్నాడు. వినతిపత్రాలు రాయడంలో చెయ్యి తిరిగిన మనిషి. "ఆవేశాలొద్దు. మేనేజరుగారు చదువుకున్నవారు. వదిన వెళ్ళి తప్పు ఒప్పుకుంటే అర్థం చేసుకుంటారు. నేను పత్రం రాసిస్తాను, చక్కగా, మర్యాదగా."

మర్యాదగానే వెళ్ళింది వదిన, సోమవారం. మేనేజరు గదిలో చల్లగా ఉంది. కూర్చోమనలేదు.

"నేను చెప్పింది అబద్ధం సార్. వాళ్ళెక్కడికీ పోలేదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను."

"వాంగ్మూలం ఇవ్వడానికి ఫారం ఉందమ్మా. వెనక్కి తీసుకోవడానికి లేదు."

"ఫారం లేకపోతే నోటితో చెప్తున్నానుగా?"

"ఫోటోలో తలుపు మూసే ఉంది కదా. అయినా మాకు రావాల్సింది సర్కారు నుంచి వచ్చేసింది. గురువారం వేలం."

"మీకు నష్టమే లేకపోతే ఇంకా ఆ ఇల్లెందుకు సార్ మీకు?"

అంత వింత ప్రశ్న ఎప్పుడూ వినలేదన్నట్టు చూశాడాయన. "నిబంధన," అన్నాడు. తర్వాత ఇంకో కాగితం ముందుకి లాక్కుని, గొంతులో తేనె పోసుకుని అడిగాడు. "వచ్చారు కాబట్టి అడుగుతున్నా. మీ వీధిలో ఇంకో తొమ్మిది ఇళ్ళున్నాయి జాబితాలో. మీ ఎదురింటివాళ్ళు ఉన్నారా, పోయారా? మీరైతే బాగా చెప్తారు."

వదినకి ఒళ్ళు మండిపోయింది. ఏడవడానికి వచ్చిన మనిషి ఏడవకుండానే బయటపడింది. ప్రెసిడెంటు రాసిన పత్రం బల్ల మీదే వదిలేసింది. మేనేజరు దాని మీద కాఫీ కప్పు పెట్టుకోవడం అద్దాల తలుపులోంచి కనిపించింది.

మళ్ళీ యూనియన్ గది. "వాడు నన్ను తొమ్మిది ఇళ్ళకి దళారీగా పెట్టుకుంటాడట!" అని వదిన చెబుతుంటే జనం గోలెత్తిపోయారు. వదిన టైపిస్టు వైపు తిరిగింది. "ఆ కాగితాలు ఆఖరి పేజీ దాకా చదువు తల్లీ. వాళ్ళు భయపడే ముక్క ఎక్కడో ఒకచోట ఉంటుంది."

ఉంది, పదమూడో పేజీలో. ఖాళీ అన్న ఇంట్లో మనుషులున్నారని ఏ సర్కారు దస్తావేజులోనైనా నమోదైతే, బ్యాంకు తీసుకున్న బీమా సొమ్మంతా తిరిగి కట్టాలి, ఇంటివాళ్ళతో కూర్చుని మాట్లాడాలి.

"సర్కారు దస్తావేజంటే?" అన్నాడు డ్రైవరు.

"కోర్టుదో, పోలీసులదో. మనం రాసుకున్నది చెల్లదు."

"పోలీసులది," అంది వదిన మెల్లగా. తర్వాత గట్టిగా అంది. "పోలీసులు ఎవర్నైనా పట్టుకెళ్ళేముందు ఎక్కడ పట్టుకున్నారో రాసుకుంటారా, రాసుకోరా?"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందు నవ్వింది చక్రాల కుర్చీలోని అత్తగారు. పళ్ళు లేని నోటితో పకపకా నవ్వేసింది.

"అరెస్టులా? నా ఉద్యోగం, నా పరువు..." అంటూ ప్రెసిడెంటు లేచాడు.

"తలుపు అటుంది," అన్నాడు వడ్రంగి బాబాయ్.

ఇంకొందరికీ భయమే. లేదంటే అబద్ధం. రోజు కూలి పోతే ఎలా, పిల్లల్ని ఎవరు చూస్తారని సాయంత్రం దాకా వాదించుకున్నారు. ఎవరి పిల్లల్ని ఎవరు చూడాలో, ఎవరు లోపలుండాలో, ఎవరు బయటుండాలో ఒక్కొక్కటీ తేల్చుకున్నాకే లేచారు.

గురువారం పొద్దున బాబాయ్ ఉలీ సుత్తీ పట్టుకుని డ్రైవరు ఇంటికొచ్చాడు. తాళం జోలికి పోలేదు. బందులు ఊడదీసి, తలుపుని తాళంతో సహా పక్కకి తీశాడు. నలుగురు కుర్రాళ్ళు దాన్ని భుజాన వేసుకుని బ్యాంకుకి మోసుకెళ్ళి గుమ్మానికి ఆనించి వచ్చారు. "మీ తాళం సార్, గీత కూడా పడలేదు," అని చెప్పి మరీ వచ్చారు.

వేలం పాడటానికి కార్లలో వచ్చిన పెద్దమనుషులకి తలుపు లేని ఇల్లు కనబడింది. లోపల జనం. హాల్లో, వంటింట్లో, మెట్ల మీద, మంచాలు తీసేసిన గదుల్లో నేల మీద. మధ్యలో చక్రాల కుర్చీ. డ్రైవరు భార్య పొయ్యి వెలిగించింది. పెద్దమనుషులు కార్ల అద్దాలు ఎక్కించుకుని వెనక్కి తిరిగారు.

మేనేజరు పోలీసుల్ని వెంటేసుకుని పరిగెత్తుకొచ్చాడు. వెనకాలే ఫోటోబాబు.

"బయటికి రండి!" అని గద్దించాడు ఇన్‌స్పెక్టరు.

"రాం. అరెస్టు చేసుకోండి," అంది వదిన.

"అరెస్టు! అరెస్టు!" అని ఇల్లంతా అందుకుంది. బయట వీధిలో ఉన్నవాళ్ళూ అందుకున్నారు.

ఇన్‌స్పెక్టరు కానిస్టేబుల్ని పిలిచాడు. "రాసుకో. ఫలానా ఇంట్లో..."

మేనేజరు ఎగిరి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "ఇంట్లో అని రాయొద్దు సార్! దయచేసి..."

"ఇంట్లో పట్టుకుంటే ఇంకెక్కడని రాయాలయ్యా? చెట్టు మీదనా?"

"ఊరికే పంపించెయ్యండి సార్."

"పోమంటే పోవడం లేదుగా."

"అయితే... కాసేపు అలా ఉండనివ్వండి."

"ఉండనివ్వమంటావు. ఉన్నారని రాయొద్దంటావు. నువ్వు బ్యాంకు నడుపుతున్నావా, గారడీ చేస్తున్నావా?" ఇన్‌స్పెక్టరు పేదవాళ్ళ పక్షం వహించాడనుకునేరు! అలాంటిదేం లేదు. వీధి మధ్యలో ఒక బ్యాంకువాడు తనకి పని నేర్పుతున్నాడని అహం దెబ్బతింది, అంతే. "రాయవోయ్!" అని అరిచాడు.

కానిస్టేబులు రాశాడు. డ్రైవరు, ఆ ఇంట్లోనే. అతని భార్య, ఆ ఇంట్లోనే. అత్తగారిని వదిలెయ్యమని ఇన్‌స్పెక్టరు అంటే ఆవిడ కుర్చీ చేతిని చరిచింది. "నన్ను రాయకపోతే ఊరుకోను. ఈ ఇంటికి సున్నం కొట్టించింది నేను!" రాశాడు. తర్వాత వదిన వంతు.

"నువ్వు పక్కింటిదానివి కదా?"

"ఇక్కడున్నానా, లేనా? అది రాయి. ఇంకో మాట కూడా రాయి. వాళ్ళు పోయారని చెప్పింది నేనేనని, అది అబద్ధమని."

డ్రైవరు భార్య ఆమె చెయ్యి పట్టుకుని పోలీసు వ్యాన్లోకి లాక్కుంది. ఇద్దరూ ఇరుక్కుని కూర్చున్నారు. కాయలు కాసిన ఆ చేతిని డ్రైవరు భార్య వదల్లేదు.

వ్యాను నిండింది. ఇంకో వ్యాను వచ్చింది, అదీ నిండింది. పోలీసులు ముందు గుమ్మంలోంచి మనుషుల్ని తీసుకొస్తుంటే, వెనక దొడ్డిదారిన పక్క కాలనీవాళ్ళు లోపలికి వెళ్ళి కూర్చుంటున్నారు. షిఫ్టు దిగిన లాండ్రీవాళ్ళు వచ్చారు. డిపో నుంచి కండక్టర్లు వచ్చారు. టైపిస్టు మెడలోని బ్యాంకు గుర్తింపు కార్డు తీసి సంచిలో వేసుకుని, మేనేజరు ముందునుంచే నడుచుకుంటూ లోపలికి పోయింది. ఫోటోబాబు కెమెరా ఎత్తి, దించేసుకున్నాడు. మేనేజరు రోడ్డు పక్కన గట్టు మీద కూలబడ్డాడు.

"సార్, పుస్తకం అయిపోయింది," అన్నాడు కానిస్టేబులు.

ఇన్‌స్పెక్టరు చెమట తుడుచుకుని ఇంటివైపు చూశాడు. కిటికీల నిండా మొహాలే.

వ్యాను ఊచల్లోంచి వదిన కేకేసింది. "ఇంకోటి తెప్పించవయ్యా! ఇంకా ఉన్నారు!"