తడివైపు

లాండ్రీ బండి అడుగున ఇంకా ఆరు దుప్పట్లు మిగిలి ఉండగానే నొప్పి వచ్చింది. తడిసిన దుప్పటి బరువు ఎత్తినవాళ్ళకే తెలుస్తుంది. ఆమె నడుం దాకా బండిలోకి వంగి ఒకటి లాగింది. ఎడమకు తిరిగి ఇస్త్రీ యంత్రం రోలర్ల మధ్యకు దాని అంచు అందించబోయింది. వీపు మధ్యలో పుట్టిన పోటు పక్కటెముక వెంట చుట్టుకొచ్చి రొమ్ము కింద గుచ్చింది. ఊపిరి సగంలో ఆగిపోయింది.

"ఏమ్మా కొత్తమ్మాయ్, నిద్రపోతున్నావా?" యంత్రం అవతల నుంచి పెద్దక్క కేకేసింది.

కొత్తమ్మాయికి నలభై మూడేళ్ళు. ఈ లాండ్రీలో చేరి తొమ్మిదేళ్ళయింది. కొత్తగా వచ్చినవాళ్ళు తడివైపు నిలబడాలి, పాతవాళ్ళు అవతల ఆరిన దుప్పట్లు అందుకుని మడతపెట్టాలి. ఎవరూ రాయని కట్టుబాటు అది. ఆమె తర్వాత యజమాని ఎవర్నీ చేర్చుకోలేదు. ఇద్దరు మానేస్తే వాళ్ళ పని కూడా ఉన్నవాళ్ళ నెత్తినే పడింది. ఆమె జుట్టు నెరిసింది గాని కొత్తదనం మాత్రం పోలేదు.

నొప్పి గుండెదేననుకుని బెదిరిపోయింది. పిల్లలు గుర్తొచ్చారు. ఆ రోజు కూలి పోతే పోయిందని అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్ళింది.

డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి గుండె బాగానే ఉందంది. ఇలాంటి నొప్పి తెచ్చే సర్పి పొక్కులేమైనా ఒంటిమీద లేచాయేమోనని చూసింది. లేవు. తర్వాత వెన్నెముక పక్కన బొటనవేలితో నొక్కింది. నొక్కింది వీపుమీద, మంట పుట్టింది రొమ్ము కింద.

"ఇక్కడ నరం నలుగుతోంది. అది పక్కటెముక వెంటే ముందుకొస్తుంది, అందుకే ఛాతీలో పొడిచినట్టుంటుంది. ఏం పని చేస్తావమ్మా?"

ఆమె లేచి వంగి, లాగి, తిరిగి చూపించింది.

"ఇలా రోజుకి ఎన్నిసార్లు?"

"లెక్కెవరు పెట్టారమ్మా? ఏడెనిమిది వందలుంటాయేమో."

డాక్టరమ్మ చీటీ దగ్గరికి లాక్కుంది. "మాత్రలు రాస్తాను. వేడి కాపడం పెట్టుకో. నేను చూపించే కసరత్తులు చెయ్యి. కానీ ఇలా వంగి తిరగడం తగ్గించకపోతే మళ్ళీ వస్తుంది. చెమటలు పట్టి ఛాతీ బరువెక్కినా, నొప్పి చేతికి పాకినా, నరమేలే అని ఊరుకోకు. వెంటనే రా."

వంగొద్దట. చెప్పినంత తేలికైతే ఎంత బాగుండును!

మర్నాడు పొద్దున్నే సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళింది. "బండి అడుగున ఎత్తుగా చెక్క వేయించండి సార్. అంత లోతుకి వంగక్కర్లేదు. అందాకా గంటకోసారి వైపులు మార్చుకుంటాం."

"చెక్క సంగతి వచ్చే నెల చూద్దాం. వైపులంటావా, అది మీలో మీరు తేల్చుకోండి," అని ఆయన చేతులు దులుపుకున్నాడు.

ఆమె పెద్దక్కను అడిగింది. "అక్కా, గంట నువ్వు, గంట నేను."

"నేను పదకొండేళ్ళు తడివైపు చేశానే. చచ్చానా?"

"చావలేదక్కా. మరి నీ నొప్పి పోయిందా?"

పెద్దక్క వెళ్ళి తన వైపు నిలబడింది. దుప్పటి అందుకోవడానికి ఆమె ఎప్పుడూ కుడిచెయ్యి ఒక్కటే చాపుతుంది. ఎడమ మోచేతిని పక్కటెముకలకు అదుముకుని ఉంచుతుంది. తొమ్మిదేళ్ళుగా ఎదురుగా నిలబడి కూడా అది అలవాటే అనుకుంది కొత్తమ్మాయి. ఇప్పుడు తెలిసింది, అది నొప్పిని అదిమిపట్టడమని. ఈమెనా తను మళ్ళీ బండిలోకి వంగమన్నది?

పని మొదలెట్టే గంట మోగింది. యంత్రం ఆవిరి కక్కుతూ తిరగసాగింది. కొత్తమ్మాయి బండి పక్కన చేతులు కట్టుకుని నిటారుగా నిలబడింది. రోలర్లు ఖాళీగా తిరుగుతున్నాయి.

"దుప్పట్లేవీ?" సూపర్‌వైజరు అరుస్తూ వచ్చాడు.

"బండిలో ఉన్నాయి సార్. చెక్క వేయించండి, తీస్తాను."

"పని పోతుంది, తెలుసా?"

తెలుసు. అయినా చేతులు విప్పలేదు.

సూపర్‌వైజరు అవతలివైపు తిరిగాడు. "పెద్దక్కా, నువ్వు రా. నువ్వు తియ్యి."

పెద్దక్క బండి వంక చూసింది. ఖాళీ రోలర్ల ముందు చాచి ఉంచిన కుడిచేతిని మెల్లగా వెనక్కి తీసుకుని తనూ చేతులు కట్టుకుంది.