వెనక చూసే పని

తబితకు బండి ఎక్కడమంటే భయం. తను ఎక్కకుండా కొడుకును పంపడమంటే ఇంకా భయం. అందుకే ఆ శనివారం పొద్దున ప్రొద్దుటూరు బైపాసు దగ్గర నాలుగు బండ్లు బయలుదేరడానికి నిలబడి ఉంటే, ఆమె కొడుకు కళ్యాణ్ పాత హెల్మెట్ తలకు తగిలించుకుని, ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకుని, అతని బుల్లెట్ వెనక ఒకవైపుకు కాళ్ళు వేసి కూర్చుంది. పులివెందులలో చెల్లెలు ఎలిజబెత్‌ను చూసి రావాలన్నది పైకి చెప్పిన మాట. తల్లి వెనక కూర్చుంటే ఎంత దుడుకువాడైనా మెల్లగా తోలతాడన్నది లోపలి మాట.

భర్త దేవపాలు ఇట్లాగే ఒక పొద్దున చెన్నూరు దాకా పోయొస్తానని స్కూటర్ తీశాడు. ఆమె పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే ‘ఊఁ’ అంది. మళ్ళీ ఆయన్ను చూసింది తెల్లగుడ్డలోనే. అప్పటినుంచి ఇంట్లోవాళ్ళు ఎవరు గడప దాటినా ఆమె పొయ్యి మీద ఏమున్నా వదిలేసి లేస్తుంది. కళ్యాణ్ కలమల్ల కరెంటు ఫ్యాక్టరీకి డ్యూటీకి పోయేటప్పుడు కూడా బండి చప్పుడు వినపడినంతసేపు వాకిట్లోనే నిలబడుతుంది.

“అక్కా, మాతో తిరగను వస్తాండావా, మాకు కాపలాకు వస్తాండావా?” అన్నాడు యేసుబాబు. జమ్మలమడుగులో బండ్ల షెడ్డు నడిపే మనిషి. ఈ గుంపుకు పెద్ద అతనే.

“నువ్వు తోలేది చూసినాక చెప్తాలేప్పా.”

వరసలో అతని వెనక ప్రశాంతి ఉంది, బడిలో టీచరు, సొంతబండి. ఆ వెనక తబిత, కళ్యాణ్. అందరికంటే చివర జీషాన్. కళ్యాణ్‌తో కలిసి ఒకే బెంచీ మీద చదివినవాడు, కువైట్ నుంచి సెలవు మీద వచ్చాడు. వచ్చేవారం మళ్ళీ పోతున్నాడు. అతనికోసమే ఈ కొండదారి ప్రయాణం పెట్టుకున్నారు.

యేసుబాబు అందరినీ దగ్గరికి పిలిచాడు. “ఇనుకోండి. కొండెక్కినాక ముందోన్ని అందుకోవల్లని తోలొద్దు. ఎనకోన్ని చూసుకుంటా తోలండి. ఎనకోడు కనపడలేదా, నిలబడండి. నువ్వు నిలబడితే నీ ముందోడు నిలబడతాడు. అట్ల అందరం నిలబడతాం. ఇది తప్పితే నాతో రావొద్దు.” అంటూనే కళ్యాణ్ బండి వైపు చూశాడు. “రేయ్, నీ అద్దాలు యాడరా?”

“పీకేసినా న్నా. అవుంటే బండి చెవులు నిక్కిచ్చిన గాడిద మాదిరి ఉంటాది.”

“ఇప్పుడు గాడిద పైన కూచున్నట్టుండాదిలే.”

అందరూ నవ్వారు. జీషాన్ తబిత దగ్గరికి వచ్చి వంగాడు. “పెద్దమ్మే వానికి అద్దం. పెద్దమ్మా, నేను నీ ఎనకాలే వస్తాంటా, చూస్తాండు. బాగుంటా చూడను.”

“బాగుంటావులే నాయనా. మెల్లగా రా.”

జమ్మలమడుగు దాటి, పెన్న వంతెన దాటి, ముద్దనూరు దారిలో కొండ మొదలైంది. ప్రతి మలుపు దగ్గరా కళ్యాణ్ తల తిప్పకుండా అడిగేవాడు.

“వస్తాండాడా మా?”

ఆమె మెడ తిప్పి చూసేది. కింది మలుపులో ఎర్రబండి కనపడేది. జీషాన్ చెయ్యెత్తి ఊపేవాడు. “వస్తాండాడు.” భయంలోనూ ఆ పని ఆమెకు నచ్చింది. ఇన్నేళ్ళుగా పోయేవాళ్ళను చూడటమే తప్ప, తన వెంట వచ్చేవాళ్ళను చూడటం ఆమె ఎరగదు.

కొండ నెత్తిన సెల్ టవర్ దగ్గర ఆగి ఫొటోలు తీసుకున్నారు. దిగడం మొదలుపెట్టాక ఆమె ధైర్యం జారిపోయింది. మొన్నటి వానకు మట్టి కొట్టుకొచ్చి మలుపుల్లో కంకర పరుచుకుంది. ఆమె కాళ్ళు వేలాడుతున్న వైపే లోయ. చెప్పుల కింద రోడ్డు అంచు, అంచు కింద బండరాళ్ళు, వాటి కింద ఏమీ లేదు.

రెండు మలుపులు దిగారో లేదో, నాపబండల లోడు లారీ ఒకటి హారను కొడుతూ, మొత్తం రోడ్డు తనదే అన్నట్టు ఎదురెక్కి వచ్చింది. కళ్యాణ్ బండిని అంచుకు లాగాడు. వెనక చక్రం కంకర మీద సర్రుమని జారింది. ఎట్లనో నిలదొక్కుకుంది. లారీ గాలి ఆమె చీరకొంగును ఈడ్చి వదిలింది.

తబిత కొడుకు నడుమును కరుచుకుని కళ్ళు మూసుకుంది. ‘ప్రభువా, ప్రభువా’ అనడం మొదలుపెట్టింది. కళ్ళు తెరిచి చేసే ప్రార్థన దేవునికి అందదని చిన్నప్పుడు సండేస్కూల్లో చెప్పారు. అది ఆమె ఎముకల్లో ఇంకిపోయిన మాట. ఇప్పుడు కళ్ళు తెరిస్తే పట్టుకున్న దేవుని చెయ్యి జారిపోతుంది, కొడుకు లోయలో పడతాడు. ఆ క్షణంలో ఆమెకు తెలిసింది అంతే.

“వస్తాండాడా మా?”

“వస్తాండాడు.”

మరో మలుపు. “వస్తాండాడా?”

“ఆఁ, వస్తాండాడు నాయనా, నువ్వు ముందర చూడు.”

ఒంటికి ఎండ చురుక్కుమని తగిలి, బండి తిన్నగా పరుగెడుతున్నదని తెలిశాక గానీ ఆమె కళ్ళు తెరవలేదు. కొండ అయిపోయింది. తలతిప్పి చూసింది. నల్లటి తారురోడ్డు, దూరంగా ఒక గొర్రెలమంద. అంతే.

వచ్చేస్తాడులే అనుకుంది.

టీకొట్టు దగ్గర ముగ్గురూ బండ్లు ఆపారు. టీలు వచ్చాయి. జీషాన్ రాలేదు. యేసుబాబు ఫోన్ చేశాడు. “రింగవుతాంది, ఎత్తడం లేదు. కళ్యాణూ, కడాకు యాడ చూసినావ్?”

“కొండ కింద కడమలుపు కాడ కూడా మాయమ్మ చూసింది న్నా. వస్తాండాడని చెప్పింది.”

“అయితే కొండైతే దిగినాడు. ఆ పక్కూర్లోనే కదా వాళ్ళ మేనత్త ఇల్లు?”

“ఆమెకొక కూతురుండాది,” అంది ప్రశాంతి. “ఇంగ ఫోన్ యాడ ఎత్తుతాడు?”

కళ్యాణ్ పకపకా నవ్వాడు. “దొంగనాకొడుకు. రానీ చెప్తా. ఇంగో టీ తాగుదాం న్నా.”

తబిత చేతిలో గ్లాసు అట్లాగే ఉంది. వీళ్ళు ఆమె మాట మీద నిలబడి నవ్వుతున్నారు. ఆమె ‘వస్తాండాడు’ అన్నందుకే ఎవరూ ఆగలేదు, ఎవరూ వెనక్కి పోవడం లేదు. చెబితే కొడుకు తనను ఏ చూపు చూస్తాడో ఆమెకు తెలుసు. చెప్పకపోతే? మేనత్త ఇంట్లోనే ఉన్నాడేమో. ఉంటే చెప్పే పనే లేదు. ఇంకొంచెం సేపు చూద్దాం, ఈ టీ అయ్యేదాకా.

టీకొట్టాయన ఇంకో విడత టీలు వడపోశాడు. రోడ్డు మీద ఎవరూ రాలేదు. కువైట్‌కు పోవాల్సిన పిల్లోడు. ఇంటి దగ్గర వాళ్ళమ్మ షాహీదాబీ వాకిట్లో నిలబడే ఉంటుంది, తనలాగే.

“నేను చూడలేదు,” అంది తబిత.

“ఏంది మా?”

“వాన్ని నేను చూడలేదురా. లారీ వచ్చినప్పుడు కండ్లు మూసుకున్నా. కిందికి దిగినదాకా తెరవలేదు. నువ్వడిగితే ఊరికే వస్తాండాడని చెప్పినా.”

కళ్యాణ్ ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. “లారీ... పైన టవర్ దాటినాక వచ్చిన లారీనా?”

“ఆ లారీనే.”

అతను గ్లాసు కింద పెట్టి కొండ వైపు తిరిగాడు. తిట్టినా బాగుండేది. యేసుబాబు అప్పటికే బండి తిప్పుతున్నాడు. “ఎక్కు అక్కా, నా బండి ఎక్కు. ఆ తావు నువ్వే చూపియ్యల్ల.”

కళ్యాణ్ తన బండి అక్కడే వదిలేసి ప్రశాంతి వెనక కూర్చున్నాడు. మళ్ళీ కొండ ఎక్కారు. లారీ ఎదురైన మలుపు దగ్గర కంకర మీద పొడుగ్గా ఒక గీత ఉంది. ఆ గీత రోడ్డు అంచుదాకా పోయి ఆగిపోయింది. కింద రేగుపొదల్లో ఎర్రటి రేకు మెరిసింది.

“జీషాన్!” కళ్యాణ్ అరుపుకు కొండంతా పలికింది. జవాబు రాలేదు. రాళ్ళు పట్టుకుని అతను దిగుతుంటే తబిత ప్రార్థన కూడా చెయ్యలేకపోయింది. ఒక్క మాటా గుర్తుకు రాలేదు.

కింద నుంచి కళ్యాణ్ గొంతు వినపడింది. “ఉండాడు న్నా! ఊపిరుండాది!”

బండికీ బండరాయికీ మధ్య జీషాన్ ఎడమకాలు ఇరుక్కుపోయి ఉంది. పెదవులు బూడిదరంగుకు తిరిగాయి. బండి ఎత్తి అతన్ని పైకి చేర్చేసరికి 108 వచ్చింది. దాన్ని పిలిచింది ప్రశాంతి.

“ఒక్కరే ఎక్కల్ల,” అన్నాడు డ్రైవరు.

“పెద్దమ్మా,” అన్నాడు జీషాన్ కళ్ళు తెరవకుండా. “నువ్వు రా. వీళ్ళొద్దు, ఏడుస్తారు.”

ఆమె కొడుకు వైపు చూసింది. కళ్యాణ్ మోచేతి నుంచి నెత్తురు కారుతోంది. అతను ముఖం లోయ వైపు తిప్పుకుని, “నా బండి కింద టీకొట్టు కాడుండాది. తెచ్చుకోని వస్తా,” అన్నాడు. ఆ మాట తల్లితో అన్నాడో, ఎవరితో అన్నాడో తెలియలేదు. ఇంత దారి వచ్చింది కొడుకును ఒంటరిగా బండి తోలనియ్యకూడదని. ఇప్పుడు వదిలేసి ఎక్కింది. తలుపు మూసుకుంది.

పులివెందుల వైపు మలుపులు తిరుగుతూ వ్యాను దిగుతోంది. జీషాన్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

“శానాసేపు అరిచినా. బండ్లు పోయే చప్పుడు ఇనపడతానే ఉండె.”

“నేను చూడలేదు నాయనా. చూసినట్టు అబద్ధం చెప్పినా.”

అతను కళ్ళు తెరిచి ఆమె వైపు చూశాడు. మణికట్టు మాత్రం వదల్లేదు.

“కాలుందా పెద్దమ్మా? నాకు తెలీడం లేదు. ఈ 108 ఆయప్పను అడిగితే ఏం కాదంటాండాడు.”

ఆమె దుప్పటి ఎత్తింది. మోకాలి కింద చూడలేనట్టుగా ఉంది. చూసింది.

“ఉండాది. శానా నలిగింది. పాదం చల్లగుండాది. వేళ్ళు కదిలిచ్చు.”

అతను పళ్ళు బిగించాడు.

“బొటనవేలు కదిలింది.”

“నిజంగానా? ఊరికే చెప్తాండావా?”

“నిజం. చూస్తాండా. మళ్ళా కదిలిచ్చు.”

అతని నుదుటి మీద చెమట పట్టింది. ఆమె పాదం మీదికి వంగి, రెప్ప వెయ్యకుండా చూసింది. బయట మలుపు మీద మలుపు తిరుగుతోంది.

“ఈసారి కదల్లేదు,” అంది. “ఇంగోసారి చెయ్యి నాయనా.”